బొద్దెలుకకు రాని షుగర్ బక్కెలుకకు ఎందుకొచ్చింది?

పేపర్లో నెలకొకసారైనా కనబడే వార్త ఒకటుంది. ఫలానా దేశంలో ఫలానా మందు ఇస్తే ఎలుకలు సన్నబడ్డాయి, షుగర్ దిగింది, ఇక మనుషులదే ఆలస్యం. ఆ వార్త వచ్చిన రోజు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బావగారు దాన్ని తప్పకుండా ఫార్వర్డ్ చేస్తారు. కింద మా అత్తయ్య "మెడికల్ షాపులో దొరుకుతుందా?" అని అడుగుతుంది. దొరకదు. ఎందుకు దొరకదో చెప్పాలంటే ముందు ఆ ఎలుక సంగతి తెలియాలి.

అసలు మాట దగ్గరే చిక్కుంది. ఇంగ్లీషులో మౌస్ వేరు, రాట్ వేరు. మన వార్తల్లో రెండింటికీ ఒకటే మాట, ఎలుక. ఇంట్లో మాత్రం తేడా మనకు బాగానే తెలుసు. బియ్యం డబ్బా వెనకనుంచి తుర్రుమనేది చిట్టెలుక. ఊబకాయం మీద పరిశోధనల్లో ఎక్కువ భాగం ఈ చిట్టెలుక మీదే నడిచింది. పెరిగి పెద్దదైనా పాతిక ముప్పై గ్రాములే. రోజుకు మూడు నాలుగు గ్రాములు తింటుంది. బతికేది రెండేళ్ల పైచిలుకు. ఒక్క రాత్రి పస్తు పెడితే ఒంటి బరువులో పదోవంతుకు పైగా పోతుంది. మన ఇంట్లో ఏకాదశి ఉపవాసానికీ దాని ఉపవాసానికీ పోలికే లేదు.

కథ అమెరికా ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రంలో, సముద్రం ఒడ్డున ఉన్న బార్ హార్బర్ అనే చిన్న ఊళ్లో మొదలవుతుంది. అక్కడి జాక్సన్ లేబొరేటరీకి ఎలుకల్ని పెంచడమే ప్రధానమైన పని. 1947లో కార్చిచ్చు ఆ ప్రాంతాన్ని చుట్టేసినప్పుడు ల్యాబు తగలబడి, ఎలుకల్లో చాలా భాగం చచ్చిపోయాయి. అంతకుముందు ఇక్కడినుంచి ఎలుకల్ని పట్టుకెళ్లిన ల్యాబులవాళ్లు వాటి సంతానాన్ని తిరిగి పంపితే మళ్లీ నిలదొక్కుకుంది. రెండేళ్లు తిరక్కుండానే, 1949 వేసవిలో, అక్కడివాళ్ల కంట ఒక వింత ఎలుక పడింది. తోటివి ఎదిగి ఆగిపోతే ఇది తింటూనే ఉంది, పెరుగుతూనే ఉంది. ఈ రకం ఎలుకలు మామూలువాటికి మూడింతల బరువు తూగుతాయి. జన్యువులో ఒకే ఒక్క చోట తేడా. దానికి ఒబీస్ అని పేరు పెట్టి, కుదించి ఓబీ అన్నారు. 1966లో అదే ల్యాబు ఇంకొక రకాన్ని ప్రకటించింది. ఇదీ అలాగే బండలా పెరుగుతుంది, పైగా షుగర్ విపరీతం. దీనిపేరు డయాబెటిస్, కుదిస్తే డీబీ.

రెండూ చూడటానికి ఒకటే. తేడా ఎక్కడుందో కనిపెట్టింది డగ్లస్ కోల్‌మన్ అనే కెనడా శాస్త్రవేత్త. ఆయన చేసిన ప్రయోగం వింటే ఒళ్లు జలదరిస్తుంది. రెండు ఎలుకల్ని పక్కపక్కన పెట్టి, పక్క చర్మం కోసి, ఒకదానికొకటి కలిపి కుట్టేశారు. కొన్నాళ్లకు సన్నటి రక్తనాళాలు కలిసిపోయి, ఒకదాని రక్తం కొంచెం కొంచెంగా రెండోదానిలోకి పారుతుంది. నోళ్లు రెండు, కడుపులు రెండు, రక్తం మాత్రం ఉమ్మడి.

డీబీ ఎలుకను మామూలు ఎలుకతో కలిపి కుడితే, మామూలుది తిండి మానేసి ఆకలితో చచ్చిపోయింది. గిన్నెలో మేత ఉంది, అయినా ముట్టలేదు. పక్కనున్న డీబీ మాత్రం మేస్తూనే ఉంది. డీబీని ఓబీతో కలిపితే ఈసారి ఓబీ తిండి మానేసి చచ్చిపోయింది. ఓబీని మామూలు ఎలుకతో కలిపితే ఎవరూ చావలేదు, ఓబీ కాస్త తక్కువ తిని కాస్త చిక్కింది.

ఒక్క నిమిషం ఆగి మీరే ఆలోచించండి. కోల్‌మన్ ఆలోచించింది ఇదీ. కడుపు నిండిందని మెదడుకు చెప్పే కబురు ఏదో రక్తంలో తిరుగుతోంది. ఓబీ ఎలుకలో ఆ కబురు పుట్టడమే లేదు, కానీ బయటినుంచి వస్తే వినే చెవి ఉంది. డీబీలో కబురు పొంగిపొర్లుతోంది, చెవే లేదు. అందుకే డీబీ రక్తం ఎవరిలోకి వెళ్తే వాళ్లు "కడుపు నిండిపోయింది" అనుకుని ఆకలితోనే పోతున్నారు. సూదీ దారంతో ఇంత దూరం తర్కించడం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఆ రోజుల్లో లావెక్కడమంటే నోరు కట్టుకోలేకపోవడమే అని డాక్టర్లలోనూ గట్టి నమ్మకం ఉండేది. ఒక హార్మోన్ లేకపోవడంవల్ల ఆకలి తీరడంలేదంటే ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాలేదు.

ఆ కబురు ఏమిటో తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఎనిమిదేళ్లపాటు వెతికి వెతికి 1994లో ఓబీ జన్యువును పట్టుకుంది. అది తయారుచేసే హార్మోన్‌కు గ్రీకులో సన్నం అనే అర్థమొచ్చే మాటనుంచి లెప్టిన్ అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, లెప్టిన్‌ను తయారుచేసేది కొవ్వు కణాలే. అప్పటిదాకా కొవ్వంటే అటక మీది సామాను అనుకున్నారు, అవసరమైనప్పుడు దించుకోవడానికి దాచిన సరుకు. అటక మీది సామాను మెదడుకు ఉత్తరాలు రాస్తోందని అప్పుడు తెలిసింది.

1995లో ఓబీ ఎలుకలకు లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే రెండు వారాల్లో ఒంటి బరువులో 30 శాతం పోయింది. డీబీ ఎలుకల్లో చలనం లేదు, కోల్‌మన్ చెప్పినట్టే. అదే ఏడాది ఆమ్‌జెన్ కంపెనీ హక్కుల కోసం 2 కోట్ల డాలర్లు కట్టింది. ఇక మాత్రో ఇంజెక్షనో వస్తుంది, ప్రపంచం సన్నబడుతుంది అని ఊరంతా సంబరం.

మనుషుల్లో చూస్తే ఏమైంది? లావుగా ఉన్నవాళ్ల రక్తంలో లెప్టిన్ తక్కువేం లేదు. సన్నగా ఉన్నవాళ్లకంటే చాలా ఎక్కువే ఉంది. కొవ్వు పెరిగేకొద్దీ లెప్టిన్ పెరుగుతుంది మరి. ఉత్తరాలు గుట్టలుగా వస్తున్నాయి, మెదడు చదవడం మానేసింది. పైనుంచి ఇంకో పది ఉత్తరాలు వేస్తే ఏం లాభం? 1999లో వెలువడిన ట్రయల్ ఫలితాల్లో కొద్దిమంది తగ్గారు, ఎక్కువమందికి పెద్దగా ఫలితం కనబడలేదు.

అయితే ఎలుక తప్పు చెప్పిందా? లేదు. ఓబీ ఎలుకలాంటి మనుషులు నిజంగానే ఉన్నారు, కాకపోతే అరుదు. 1997లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు పాకిస్తాన్ మూలాలున్న కుటుంబంలోని ఇద్దరు పిల్లల గురించి రాశారు. ఎనిమిదేళ్ల అమ్మాయి 86 కిలోలు, రెండేళ్ల బాబు 29 కిలోలు. పుట్టుకతోనే లెప్టిన్ లేదు. తిండి ఎంత పెట్టినా ఆకలి ఆకలే. ఆ అమ్మాయికి రోజూ లెప్టిన్ ఇస్తే ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఓబీ ఎలుక ఆ పిల్లల గురించి అక్షరాలా నిజం చెప్పింది. మన గురించి అడిగితే మాత్రం దానికి తెలిసింది కొంతే. తప్పు ఎక్కడంటే, ఒక జబ్బు గురించి ఎలుక చెప్పిన సమాధానాన్ని మనం ఇంకో జబ్బుకు అతికించుకోవడంలో.

ఇక నేను అసలు చెప్పదలుచుకున్న చోటికి వస్తాను. లావు, షుగర్ ఒకే తాడుకు కట్టిన రెండు కుండలని మనకు ఒక అభిప్రాయం. లావు తగ్గితే షుగర్ తగ్గుతుంది, లావు పెరిగితే వస్తుంది. చాలామంది విషయంలో అది నిజమే. కానీ ఆ తాడు ఎలాంటిదో చూపించింది రెండు ఎలుకలు. ఈ రెండింటికీ పేపర్లో ఎప్పుడూ చోటు దొరకలేదు.

మొదటిది 1998లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో తయారుచేసిన బక్కెలుక. దాని జన్యువుల్లో మార్పు చేసి ఒంట్లో తెల్ల కొవ్వు, అంటే శక్తిని దాచుకునే మామూలు కొవ్వు, దాదాపు లేకుండా చేశారు. పైకి ఆలోచిస్తే అంతకంటే ఆరోగ్యం ఏముంటుంది, కదా? దానికి తీవ్రమైన షుగర్ వచ్చింది. కాలేయం ఉబ్బి కొవ్వుతో నిండిపోయింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఆకాశాన్ని అంటాయి. తర్వాత వేరే ఎలుకనుంచి తీసిన మామూలు కొవ్వును దాని చర్మం కింద పెట్టి కుడితే షుగర్ తగ్గిపోయింది. మళ్లీ చదవండి: కొవ్వు పెడితే షుగర్ తగ్గింది. అదే ఓబీ ఎలుకనుంచి తీసిన కొవ్వు పెడితే తగ్గలేదు, ఎందుకంటే ఆ కొవ్వు లెప్టిన్ తయారుచేయలేదు.

రెండోది బొద్దెలుక. 2007లో టెక్సస్‌లో ఫిలిప్ షెరర్ బృందం ఓబీ ఎలుకనే తీసుకుని, అడిపోనెక్టిన్ అనే ఇంకో కొవ్వు హార్మోన్ దానిలో ఎక్కువగా తయారయ్యేలా చేసింది. అది సన్నబడుతుందేమో అనుకుంటాం. మామూలు ఓబీ కంటే ఇంకా లావైంది, ఎలుక అనడానికే మొహమాటపడేంత. కానీ రక్తంలో చక్కెర మామూలుగా ఉంది. కాలేయంలో కొవ్వు తగ్గింది.

దీని వెనక ఉన్న లెక్క అర్థమైతే మిగతాదంతా తేలిక. తిన్నదాంట్లో ఖర్చు కానిది ఎక్కడో ఒకచోట సర్దాలి. దానికి సరైన చోటు చర్మం కింది కొవ్వు కణాలు. అవి ఉబ్బుతాయి, కొత్తవి పుడతాయి. ఇంట్లో ధాన్యం దాచుకునే గాదె లాంటివి. గాదె పెద్దదైతే పంట ఎంతొచ్చినా ఇబ్బంది లేదు. గాదె చిన్నదైతే, అసలు లేకపోతే, బస్తాలు వంటింట్లోకీ పడగ్గదిలోకీ వస్తాయి. ఒంట్లో వంటిల్లంటే కాలేయం, పడగ్గది అంటే కండరం. అక్కడ కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట చెల్లదు. చక్కెర బయటికి వదలొద్దని ఇన్సులిన్ చెప్పినా కాలేయం వదులుతూనే ఉంటుంది, తీసుకోమన్నా కండరం సరిగ్గా తీసుకోదు. క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ పోస్తుంది. అలా పోయగలిగినన్నాళ్లు షుగర్ రిపోర్టు బాగానే ఉంటుంది. చేతులెత్తేసిన రోజున డాక్టర్ మనకు కబురు చెబుతారు.

అంటే బక్కెలుకకు గాదె లేదు. బొద్దెలుకకు ఊరంత గాదె ఉంది. వాటి షుగర్ లెక్క అక్కడే తేలిపోయింది. బొద్దెలుకను చూసి "లావుగా ఉంటే ఏం కాదన్నమాట" అనుకోవద్దు, మనలో ఎవరికీ అంత గాదె లేదు.

లెప్టిన్‌కు కూడా చివరికి ఇక్కడే పని దొరికింది. ఒంట్లో కొవ్వు కణజాలమే లేకుండా పుట్టే, లేదా తర్వాత పోగొట్టుకునే లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బు ఉంది. మనిషి నరాలు తేలి కండలవీరుడిలా కనబడతాడు, లోపల షుగరూ ఫ్యాటీ లివరూ. అచ్చం బక్కెలుక. లెప్టిన్ ఇస్తే వీళ్లకు తగ్గింది. ఈ పని మీద అమెరికాలో దానికి 2014లో అనుమతి వచ్చింది. సన్నబడటానికని కోట్లు పోసి కొన్న మందు, కొవ్వు లేనివాళ్లకు మందైంది.

ఇక ఎలుక మనల్ని తప్పుదారి పట్టించే చోట్లు. వీటిని దాచిపెడితే వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

జన్యువుల్లో మార్పున్న ఎలుకలు మన జబ్బుకు దూరమని తేలాక, ల్యాబులు ఎక్కువగా మేతతో లావు చేసే పద్ధతికి మళ్లాయి. బాగా వాడుకలో ఉన్న మేతలో క్యాలరీల్లో 60 శాతం కొవ్వునుంచే వస్తాయి, అదీ ఎక్కువగా పంది కొవ్వు. మూడు నాలుగు నెలల్లో ఎలుక 45, 50 గ్రాములకు చేరుతుంది, ఇన్సులిన్ మాట వినడం మానేస్తుంది. మన ప్లేటు చూసుకోండి. పప్పన్నం, కూర, సాంబారు, పెరుగన్నం. క్యాలరీల్లో సగానికి పైగా పిండి పదార్థాలవే. "కొవ్వు తింటే ఇలా అవుతుందని ఎలుకల్లో తేలింది" అనే వార్త చదివి నెయ్యి చుక్క మానేసి అన్నం ఇంకో గరిటె వడ్డించుకునేవాళ్లను చూశాను. ఆ మేతకూ మన భోజనానికీ చుట్టరికం చాలా దూరం.

తర్వాత, ఏ ఇంటి ఎలుక? ప్రపంచంలో ఎక్కువ ల్యాబుల్లో ఉండేది నల్లటి చిట్టెలుక, ముద్దుగా బ్లాక్ సిక్స్ అంటారు. దీని మూలం మసాచుసెట్స్‌లోని గ్రాన్బీలో ఆబీ లాత్రాప్ అనే మాజీ బడి పంతులమ్మ పెంచి అమ్మిన ఎలుకల్లో ఉంది. వాటిలో 57వ నంబరు ఆడ ఎలుక సంతానంతో 1921లో ఈ వంశం మొదలైంది. తరతరాలుగా అన్నాచెల్లెళ్లనే జతకలిపి పెంచడంతో ఇప్పుడు ఈ జాతిలో ఒకదానికీ ఇంకోదానికీ జన్యువుల్లో తేడా దాదాపు లేదు. ప్రయోగానికి అది వరం. కానీ ఓబీ జన్యువు ఈ వంశంలో ఉంటే షుగర్ కొద్దిగా పెరిగి, వయసొచ్చాక సర్దుకుంటుంది. దగ్గరి చుట్టమైన ఇంకో వంశంలోకి అదే జన్యువును చేరిస్తే షుగర్ ముదిరి త్వరగా చచ్చిపోతుంది. మొదటిదాని క్లోమం కణాల్ని పెంచుకుని తట్టుకుంటుంది, రెండోదాని క్లోమం కూలబడుతుంది. లోపం ఒకటే, ఇల్లు మారితే జబ్బు మారింది. ఒక్క వంశం మీద చేసిన ప్రయోగమంటే, ఒక్క మనిషిని వందసార్లు పరీక్షించడం లాంటిది.

గది సంగతి ఇంకా విచిత్రం. ల్యాబులో ఏసీ 22 డిగ్రీల దగ్గర పెడతారు, మనుషులకు హాయిగా ఉంటుందని. చిట్టెలుకకు హాయి 30 డిగ్రీల దగ్గర. అంటే అది జీవితమంతా చలిలో వణుకుతున్నట్టే. తిన్నదాంట్లో సగందాకా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే పోతుంది. గోధుమరంగు కొవ్వులో క్యాలరీల్ని వేడిగా మార్చే యూసీపీ1 అనే ప్రొటీన్‌ను 1997లో తీసేసి చూశారు. లావెక్కాలి కదా, ఎక్కలేదు. పన్నెండేళ్ల తర్వాత స్వీడన్ పరిశోధకులు అదే ఎలుకను వెచ్చటి గదిలో పెట్టి చూస్తే లావెక్కింది! ఏసీ రిమోట్ మీద కొన్ని నొక్కులతో ఫలితం తిరగబడింది. క్యాలరీల ఖర్చును పెంచి ఎలుకల్ని సన్నబరిచిన మందు గురించి చదివినప్పుడల్లా నేను గది ఎన్ని డిగ్రీలుందో వెతుకుతాను.

చివరిగా ఆ పరీక్షను దగ్గరనుంచి చూద్దాం. ఎలుకను కొన్ని గంటలు పస్తుంచుతారు. తోక చివర సన్నగా గీరుతారు. ఒక చుక్క రక్తం, మన ఇంట్లో నాన్న వేలికి పెట్టుకునే లాంటి గ్లూకోమీటర్ స్ట్రిప్ మీదికి. తర్వాత పొట్టలోకి గ్లూకోజ్ ఇంజెక్షన్, సాధారణంగా కిలో ఒంటి బరువుకు రెండు గ్రాముల లెక్కన. పావుగంటకు, అరగంటకు, గంటకు, రెండు గంటలకు మళ్లీ చుక్క. చక్కెర ఎంత త్వరగా దిగితే అంత ఆరోగ్యం. మరి 25 గ్రాముల ఎలుకకంటే 50 గ్రాముల ఎలుకకు రెట్టింపు గ్లూకోజ్ ఎక్కిస్తున్నాం కదా? పెరిగిన ఆ పాతిక గ్రాముల్లో ఎక్కువ భాగం కొవ్వే. చక్కెరను వాడుకునే కండ రెండింటిలోనూ ఇంచుమించు అంతే. అంటే లావు ఎలుక జబ్బును ఆ డోసే కొంత పెంచి చూపిస్తుంది. మనకు డాక్టర్ రాసే పరీక్షలో లావున్నా సన్నమున్నా 75 గ్రాములే ఇస్తారు.

ఇన్ని లొసుగులున్నా బక్కెలుక నేర్పిన పాఠం మన దగ్గరే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. మా మేనమామ జీవితంలో ఎప్పుడూ 60 కిలోలు దాటలేదు. నలభై రెండేళ్లకు షుగర్. "ఇంత సన్నగా ఉన్నాను, నాకెందుకు?" అన్నది ఆయన ఇరవై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. త్రాసు మీద సమానం, చర్మం కింద రెట్టింపు తేడా. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లల్ని కొలిచినప్పుడు కూడా ఇంగ్లండ్ పిల్లలకంటే బరువు బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని ఆయన బృందం చూపింది. మన గాదె చిన్నది, తొందరగా నిండిపోతుంది అనే వాదన ఇక్కడినుంచే బలపడింది. బీఎంఐ 23 దాటగానే జాగ్రత్తపడమని మన డాక్టర్లు చెప్పడం అందుకే. యూరప్ వాళ్లకు ఆ గీత 25 దగ్గరుంది.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. బస్సులో అటు వెళ్లేవాళ్లకు గోడా గేటూ తెలుసు, లోపలి ఎలుకల సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఆ సంస్థ దశాబ్దాలుగా సొంతంగా పెంచుకుంటున్న విస్టార్ జాతి పెద్ద ఎలుకల్లో 1990లలో వాటంతటవే లావెక్కే ఎలుకలు బయటపడ్డాయి. ఎవరూ జన్యువును ముట్టుకోలేదు, ఎవరూ పంది కొవ్వు పెట్టలేదు. ఎన్.వి. గిరిధరన్ బృందం వాటినుంచి రెండు వంశాలను నిలబెట్టింది. రెండూ ఆకలి తీరక తింటాయి, రెండింటి ఒంట్లోనూ ఇన్సులిన్ ఎక్కువే, రెండూ లావే. ఒక వంశానికి రక్తంలో చక్కెర మామూలుగా ఉంటుంది. రెండో వంశానికి గ్లూకోజ్ ఇస్తే దిగడానికి తంటాలు పడుతుంది.